బూట్లు తుడిచే చేతికి తుపాకీ ఎందుకిచ్చినట్టు?

(మండల కేంద్రంలో మన యువజన సంఘాల సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగం పాఠం)



ఇవాళ మేము మాట్లాడబోయే సంగతి భూమి గురించి కాదు, కూలి రేటు గురించి కాదు, శ్మశానం దారి గురించి కూడా కాదు. మిలిటరీ గురించి. అందులోనూ పెద్ద పెద్ద ఆఫీసర్ల వెంట ఉండి వాళ్ళ బూట్లు, బట్టలు, బెల్టులు చూసే సిపాయి గురించి. ఆర్డర్లీ అంటారు, సహాయక్ అంటారు, ఇంగ్లీషోడు బ్యాట్‌మన్ అన్నాడు. మన వాడకట్టుకూ దీనికీ సంబంధమేందని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. ఒక తల్లి అడిగిన ప్రశ్న వల్లనే మేము ఇవాళ ఇక్కడ నిలబడ్డాం.

మన పిల్లలు తెల్లారుజామున నాలుగింటికి లేచి చెరువుకట్ట మీద ఉరుకుతున్న సంగతి మీకందరికీ తెలుసు. మిలిటరీ సెలక్షన్లలో పదహారు వందల మీటర్ల పరుగు పెడతారు. దానికోసం కాళ్ళకు బూట్లు లేనోళ్ళు కూడా ఉరుకుతున్నారు. ఒక రోజు బడి కాడికి ఒక తల్లి వచ్చింది. పత్తి ఏరబోతూ మధ్యలో ఆగింది, కొంగులో సద్ది మూట ఉంది. "సారూ, మా పిల్లగాడు మిల్ట్రీల పోతనంటున్నడు. ఆడ సార్ల ఇండ్లల్ల బాసండ్లు తోమాలెనట, కుక్కలను తిప్పాలెనట. ఫోన్ల సూసిన్రట. నిజమేనా? గా పనే అయితే ఈడ దొర లేడా?" అని అడిగింది.

మేము ఇరవై ఏండ్ల నుంచి పాఠాలు చెప్తున్నాం. ఆ తల్లికి అప్పటికప్పుడు చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు. కనుక్కుని చెప్తామమ్మా అన్నాం. కనుక్కోవడానికి ఎక్కడికో పోలేదు. మన వాడలోనే పదిహేడేండ్లు సర్వీసు చేసి పింఛను మీద వచ్చిన పెద్దాయన ఉన్నాడు గదా, ఆయన దగ్గరికే పోయాం.

ఆయన్ను ప్రతి ఆగస్టు 15కు బడికి పిలుస్తాం. మెడల్స్ పెట్టుకుని వస్తాడు. జెండాకు ఆయన కొట్టే సెల్యూట్ చూసి పిల్లలు నెలరోజులు అట్లనే కొడతారు. ఇన్నేండ్లుగా పిలుస్తున్నాం గానీ, 'తాతా, నువ్వు అక్కడ ఏం పని చేసినవు?' అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. ఈసారి అడిగాం. చాలాసేపు మాట్లాడలేదు. బీడీ ముట్టించిండు, ఆర్పిండు. తర్వాత అన్నాడు: "నాలుగేండ్లు సహాయక్‌గ చేసిన."

ఏ పటాలమో, ఏ ఆఫీసరో మేము చెప్పం. ఆయన చెప్పొద్దన్నాడు, మాకూ అవసరం లేదు. పని మాత్రం చెప్తాం. పొద్దున ఐదింటికి చాయ్. బూట్లకు పాలిష్, ఇత్తడి బిళ్ళలకు మెరుగు, యూనిఫాం ఇస్త్రీ. సాబ్ తుపాకీ శుభ్రం చేయడం. ఇవన్నీ చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కష్టం లేదు. "అది పటాలం పని సారూ, అండ్ల సిగ్గేమున్నది" అన్నాడు. తర్వాత చెప్పినవి వేరే. కూరగాయలు తేవడం, పిల్లల్ని బస్సెక్కించడం, ఇంటోళ్ళ బట్టలు ఉతకడం, చుట్టాలొస్తే పెట్టెలు మోయడం. కుక్కను తిప్పడం కూడా ఉంది. "కుక్కతోని బాధ లేకుండె. అది నన్ను గుర్తువట్టేది" అన్నాడు.

ఆయన చెప్పిన ఒక మాట మా గుండెలో ముల్లు లెక్క ఉండిపోయింది. "సరిహద్దుల మంచు కొండ మీద ఉన్నప్పుడు ఆ సాబు, నేను ఒక్క బంకర్ల పండుకున్నం. ఒక్క స్టౌ మీద కాచిన చాయ్ తాగినం. నాకు జ్వరమొస్తె తన కంబళి తీసి కప్పిండు. మంచోడు. కిందికి, ఊరున్న స్టేషన్‌కు వచ్చినంక, ఆయన ఇంటికి నేను ఎనుక తలుపు నుంచి పోవాలె."

ఆ వెనుక తలుపు మనకు కొత్తదా? గడీకి కూడా మనం వెనుక నుంచే పోయినం. ఆయన తండ్రి దొర ఇంట్లో పాలేరు. ఆ పని తప్పించుకోవాలనే ఈయన పద్దెనిమిదేండ్లకు రైలెక్కాడు. అందుకే ఆ నాలుగేండ్లు ఇంటికి రాసిన ఉత్తరాల్లో 'డ్యూటీ బాగున్నది' అని మాత్రమే రాశాడు. ఇంటిదానికి కూడా చెప్పలేదు. మొన్న మాతోని చెప్తుంటే ఆమె గడప కాడ కూచుని వింటున్నది. ఆమె కూడా అప్పుడే మొదటిసారి విన్నది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ పనికి విలువ లేదా? ఉంది. సైన్యం వైపు వాదన కూడా ఒకసారి నిజాయితీగా వినాలె. మన పత్రికలో ఎదుటోడి మాట సగమే చెప్పి కొట్టేసే అలవాటు కొంత ఉంది, ఆ పని మేము చేయం. వాళ్ళేమంటారంటే, యుద్ధంలో ఆఫీసరు మ్యాపు చూడాలె, వందమందికి ఆజ్ఞలివ్వాలె, ఎవరు ఎటు పోవాలో నిర్ణయించాలె. ఆ సమయంలో ఆయన ఆయుధం సిద్ధంగా ఉందా, వైర్‌లెస్ సెట్టు పనిచేస్తున్నదా, తిండి తిన్నాడా లేదా చూసే మనిషి ఒకడు పక్కన ఉండాలె. ఆఫీసరు పంపిన కబురు ఇంకో చోటికి ఉరికి చెప్పేవాడు కావాలె. వెనక నుంచి వచ్చే తూటాను చూసేవాడు కావాలె. అట్లా కలిసి బతికిన ఇద్దరి మధ్య నమ్మకం పెరుగుతుంది, ఆ నమ్మకమే యుద్ధంలో పనికొస్తుంది అంటారు.

ఇది అబద్ధం కాదు. మన పెద్దాయన బంకర్ కథ కూడా అదే చెప్తున్నది. ఆఫీసరు పక్కన నిలబడే సిపాయి అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు, ఎందుకంటే శత్రువు గురి మొదట ఆఫీసరు మీదనే ఉంటుంది. మేము అనేది కూడా అదే, విలువ ఉంది. విలువ ఉన్న పనికి పేరుండాలె, లెక్కుండాలె, హద్దుండాలె. బంకర్‌లో చేసిన పని విలువను చూపించి, బంగళాలో చేయించే చాకిరీకి రసీదు రాసుకుంటున్నారు. అక్కడే మోసం. కొండ మీద వైర్‌లెస్ మోసినందుకు గౌరవం ఉంది కాబట్టి, కింద కూరగాయల సంచి మోయడం కూడా దేశసేవే అంటే ఎట్లా ఒప్పుకుంటాం?

యుద్ధానికి అంత అవసరమే అయితే, మన దేశంలోనే నౌకాదళంలో, వైమానిక దళంలో ఈ సహాయక్ పద్ధతి ఎందుకు లేదు? సముద్రం మీద యుద్ధం జరగదా? విమానం నడిపేవాడి బూట్లకు దుమ్ము పట్టదా? ఈ ప్రశ్న మేము కొత్తగా అడుగుతున్నది కాదు. 2008లో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం సైన్యంలో మానసిక ఒత్తిడి గురించి నివేదిక ఇస్తూ, జవానును దేశం కోసం చేర్చుకున్నారు గానీ ఆఫీసర్ల ఇంటి పనికి కాదు, ఈ పద్ధతి అవమానకరం, తీసేయండి అని గట్టిగానే చెప్పింది. చెప్పింది ఉద్యమకారులు కాదు, పార్లమెంటు సభ్యులు. ప్రభుత్వం ఏం చేసింది? ఇంటి చాకిరీ చేయించకూడదని సూచనలిచ్చింది. సూచన ఇచ్చేది ఆఫీసరుకే, దాన్ని అమలు చేయాల్సింది ఆఫీసరే, ఉల్లంఘిస్తే చూడాల్సింది కూడా ఆఫీసరే.

2017 జనవరిలో కొందరు జవాన్లు తమ గోడు వీడియో తీసి ఫోన్లలో పెట్టారు. ఒకరు తిండి గురించి, ఒకరు ఈ సహాయక్ పని గురించి. మన తల్లి విన్న మాటకు మూలం అటువంటి వీడియోలే. అప్పుడు సైన్యాధిపతి ఫిర్యాదుల పెట్టెలు పెట్టిస్తామన్నాడు, ఫోన్లలో మాత్రం పెట్టకండన్నాడు. అదే ఏడాది మార్చిలో మహారాష్ట్రలోని దేవలాలీ కంటోన్మెంటులో కేరళకు చెందిన ఒక జవాను చనిపోయి కనిపించాడు. అంతకు కొన్ని రోజుల ముందే ఈ పద్ధతి మీద ఒక వార్తా సంస్థ రహస్యంగా తీసిన వీడియోలో అతను మాట్లాడాడు. ఆ వీడియో తీసిన విలేకరి మీద అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టారు. 2019లో బొంబాయి హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. కుక్కను ఎవరు తిప్పుతున్నారు అన్నది దేశ రహస్యమెట్లా అయింది? ఆ పిల్లవాడి తల్లిదండ్రులకు ఏ కోర్టు ఏం తిరిగిస్తుంది?

చట్టం మాట వచ్చింది కాబట్టి కొంచెం నిలబడి చూద్దాం. ఇది బోరు కొడుతుందని లేవకండి, మీ పిల్లలకు పనికొస్తుంది.

బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగంలో 23వ అధికరణం ఉంది. వెట్టి, బలవంతపు చాకిరీ నేరం అంటుంది. మన తాతల కోసం రాసిన అధికరణం అది. దానికి రెండో భాగం ఒకటుంది. ప్రజా ప్రయోజనం కోసం రాజ్యం నిర్బంధ సేవ చేయించవచ్చు, అయితే మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చేయకూడదు అని. ఇప్పుడు మీరే చెప్పండి, సరిహద్దు కాయడం ప్రజా ప్రయోజనం, ఒప్పుకుంటాం. ఆఫీసరు గారి బిడ్డ పుట్టినరోజుకు కుర్చీలు వేయడం ఏ ప్రజకు ప్రయోజనం?

సైన్యంలో ఉన్నోళ్ళకు ప్రాథమిక హక్కులు కొంత తగ్గించే అధికారం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. దాని నీడలోనే 1950 నాటి సైనిక చట్టం నడుస్తున్నది. ఆ చట్టం 41వ సెక్షను ప్రకారం పై అధికారి ఆజ్ఞను ధిక్కరిస్తే జైలుశిక్ష, అది పద్నాలుగేండ్ల దాకా ఉండొచ్చు. ఆ సెక్షనులో ఒక మాట ఉంది, 'చట్టబద్ధమైన ఆజ్ఞ' అని. బట్టలు ఉతుకు అన్నది చట్టబద్ధమైన ఆజ్ఞేనా? ఆ మాట అడిగే ధైర్యం పంతొమ్మిదేండ్ల పిల్లవాడికి ఎక్కడి నుంచి వస్తుంది? 26వ సెక్షను కింద ఫిర్యాదు చేసుకునే హక్కు సిపాయికి ఉంది. తన అధికారి మీదనే ఫిర్యాదైతే ఆయన పై అధికారికి చేసుకోవాలె. ఈ రెండు సెక్షన్ల నెంబర్లు రాసుకోండి, 41, 26. మిలిటరీకి పోయే ప్రతి పిల్లవాడికీ నోటికి రావాలె.

పేరు మార్చడం గురించి ఒక మాట. ఆర్డర్లీ అంటే బానిసతనం వాసన వస్తున్నదని సహాయక్ అన్నారు. మనకు ఈ విద్య బాగా తెలుసు. మన ఊళ్ళలో మస్కూరి, సేత్‌సింధి, నీరడి, తలారి అని ఉండేవాళ్ళు. ఎక్కువమంది మనోళ్ళే. పటేలు కబురు మోయాలె, తాసీల్దారు వస్తే మంచం వేయాలె. తర్వాత వాళ్ళకు గ్రామ సేవకులు అని పేరొచ్చింది, ఆ తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులు అయ్యారు. చూశారా, అక్కడా 'సహాయకుడే'! పేరు మారిందిగానీ ఆఫీసు ముందట ఊడ్చే చీపురు మారలేదు. 2022లో వాళ్ళు నెలల తరబడి సమ్మె చేస్తే, 2023లో తెలంగాణలో ఆ వ్యవస్థ తీసేసి వాళ్ళను వేరే శాఖల్లో సర్దారు. మహారాష్ట్రలో మహర్ వతన్ అనే ఇట్లాంటి ఊరి చాకిరీ మీద బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. ఊరందరికీ సేవ చేయాలె, కూలి మాత్రం ఊరి దయ. ఆయన కోపమంతా ఆ 'దయ' మీదనే.

బాబాసాహెబ్ మిలిటరీ బిడ్డ. ఇది మనలో చాలామంది మరిచిపోతారు. 1891లో మౌ కంటోన్మెంటులో పుట్టాడు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు, సైనిక పాఠశాలలో హెడ్మాస్టరు. అంటరానివాడు హెడ్మాస్టరు కాగలిగింది ఆ రోజుల్లో సైన్యంలోనే. ఊరిబడి మెట్లు ఎక్కనివ్వని కాలంలో పటాలం బడి చదువు చెప్పింది. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పీష్వా సైన్యంతో కొట్లాడిన మహర్ సిపాయిల పేర్లు అక్కడి స్తంభం మీద ఉన్నాయి. మద్రాసు సైన్యంలో పరయలు, మాలలు, తెలుగు సిపాయిలు ఉన్నారు. ఆ తర్వాత ఇంగ్లీషోడికి మన దేశపు కులం రుచి మరిగింది. యుద్ధం చేసే జాతులు వేరే ఉన్నాయని సిద్ధాంతం కట్టాడు. 1890ల మొదట్లో మహర్లను చేర్చుకోవడం ఆపేశారు, తెలుగోళ్ళు యుద్ధానికి పనికిరారన్నారు. తుపాకీ లాక్కున్నారు. మరి మనోళ్ళను కంటోన్మెంటు నుంచి వెళ్ళగొట్టారా? లేదు. బట్లర్లుగా, వంటోళ్ళుగా, గుర్రపు సాలలో, పాయిఖానాల్లో ఉంచుకున్నారు. దొర బూటు తోలుది, దొర కూర గొడ్డు మాంసం. ముట్టుకునేది మనమే గదా. సికింద్రాబాద్ కంటోన్మెంటు 1806లో మొదలైంది. దాని చుట్టుపక్కల బస్తీల్లో మనోళ్ళ పాత కుటుంబాలను అడగండి, తాత ఏం చేసేవాడని.

మన పెద్దలు అర్జీల మీద అర్జీలు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధానికి మనుషులు కావలసొచ్చి 1917లో మహర్ల పటాలం మళ్ళీ పెట్టారు, యుద్ధం అయిపోయాక 1921లో తీసేశారు. 1941లో రెండో యుద్ధం కోసం మహర్ రెజిమెంటు వచ్చింది, దానికోసం బాబాసాహెబ్ పట్టుబట్టాడు. 1943లో చమార్ రెజిమెంటు పెట్టి 1946లో రద్దు చేశారు. అవసరం ఉన్నప్పుడు వీరులం, అవసరం తీరినాక పనిమనుషులం. ఈ చరిత్ర తెలిసినోళ్ళం కాబట్టే మనం తుపాకీకీ చీపురుకూ తేడా గట్టిగా అడుగుతాం.

ఇక్కడ ఒక తమ్ముడు లేచి అడగొచ్చు. మొన్న ఒక మీటింగులో అడిగాడు కూడా. "సార్, సహాయక్ అన్ని కులాలోడూ అయితడు. జాట్లు, రాజపుత్రులు కూడా బూట్లు తుడుస్తరు. ఇది మన సమస్యెట్ల?" అని. మంచి ప్రశ్న. నిజమే, ఇది మనొక్కళ్ళ మీద పడ్డ పని కాదు. అయితే ఒకటి చూడండి. ఒక మనిషి ఒంటిమీది బట్టను, కాలి కింది బూటును ఇంకొక మనిషి చూసుకోవాలె, అది వాడి గౌరవానికి గుర్తు అనే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? పై మెట్టు, కింది మెట్టు అనే ఆలోచన నుంచే గదా. భూమి ఉన్న కులపోడు సెలవు మీద ఇంటికి పోతే వాడి పొలంలో వాడు దొర. బూటు తుడిచిన సంగతి వాడికి గుర్తుండదు. మనోడు సెలవు మీద వస్తే వాడి కోసం అదే వాడ, అదే వెనుక తలుపు. వాడు రెండుసార్లు తుడవాలె. అందుకే మనకు ఎక్కువ మండుతుంది. ఎక్కువ మండినోడే ముందు అరవాలె.

అమెరికా నల్లవాళ్ళ కథ ఒకటి చెప్తాం, మన కథ లెక్కనే ఉంటుంది. అక్కడి నౌకాదళంలో 1930లలో నల్లవాళ్ళను చేర్చుకున్నది ఆఫీసర్ల భోజనం వడ్డించడానికి, బట్టలు చూడడానికే. డోరిస్ మిల్లర్ అనే నల్ల యువకుడు వెస్ట్ వర్జీనియా అనే ఓడలో ఆ పని చేసేవాడు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాను విమానాలు బాంబులు వేసిన పొద్దున కూడా అతను ఉతికే బట్టలు పోగు చేస్తున్నాడు. గాయపడ్డ కెప్టెన్ను జరపడానికి సాయపడి, తర్వాత తనకు ఎన్నడూ నేర్పని మెషిన్‌గన్ పట్టుకుని విమానాల మీదికి కాల్చాడు. 1942లో నేవీ క్రాస్ పతకం ఇచ్చారు. పతకం ఇచ్చారు గానీ, వంటశాల విభాగంలోనే ఉంచారు. 1943 నవంబరులో ఓడ మునిగి చనిపోయాడు. 2020లో ఒక కొత్త విమానవాహక నౌకకు అతని పేరు పెడుతున్నామని ప్రకటించారు. తుపాకీ ఇయ్యకుండా ఎంగిలి పళ్ళెం ఇచ్చిన చేతులు ఏం చేయగలవో చూడండి.

నల్లవాళ్ళు ఒప్పుకోక కొట్లాడుతుంటే, ఫిలిప్పీన్స్ నుంచి పిల్లలను తెచ్చి అదే పనిలో పెట్టారు. పని పోలేదు, చేసే బీదోడు మారాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీనికొస్తాం. 1970ల మొదట్లో ప్రాక్స్‌మైర్ అనే సెనేటరు ఈ లెక్కలు బయటికి లాగాడు. జనరళ్ళు, అడ్మిరళ్ళ ఇండ్లలో పదిహేడు వందలకు పైగా సిపాయిలు ఉన్నారని తేలింది. గొడవ జరిగింది, కాంగ్రెసు కోత పెట్టింది. ఇప్పుడు దళాలన్నిటిలో కలిపి 300కు మించకూడదని చట్టంలోనే రాసుకున్నారు. అదీ చాలా పెద్ద ర్యాంకు ఉన్నోళ్ళకే, అధికారిక పనికే. ఆ దేశం గొప్పదని మేము చెప్పడం లేదు, ఆ దేశం సైన్యం ఎక్కడెక్కడ ఏం చేసిందో మాకు తెలుసు. మేము చెప్పేది ఒకటే. ఎంతమంది, ఎవరికి, ఏ పనికి అని అడిగితే లెక్క చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ ఆ లెక్క మన ముందట పెట్టినోడు లేడు.

పోలీసు సంగతి కూడా ఇంతే. తమిళనాడులో పోలీసు ఆర్డర్లీలను రద్దు చేస్తూ 1979లోనే ప్రభుత్వం జీవో ఇచ్చింది. 2022లో మద్రాసు హైకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, ఆ పద్ధతి ఇంకా ఎందుకుంది, తీసేయండి అని. నలభై మూడేండ్లు జీవో బీరువాలో పడుకుంది. మన తెలంగాణలో 2024 అక్టోబరులో బెటాలియన్ పోలీసుల భార్యలు పిల్లలను చంకన వేసుకుని రోడ్డెక్కారు. ఒకే పోలీసు విధానం ఉండాలన్నారు, మా మొగోళ్ళతో వెట్టి చేయిస్తున్నారన్నారు. భర్తలు నోరు విప్పితే ఉద్యోగం పోతుంది కాబట్టి భార్యలు వచ్చారు. తర్వాత కానిస్టేబుళ్ళు కూడా బెటాలియన్లలో కదిలారు. సస్పెన్షన్లు, డిస్మిస్‌లు జరిగాయి. ఆ ఆడబిడ్డల్లో మన ఇండ్లోళ్ళు ఎంతమంది ఉన్నారో! అప్పుడు మన సంఘాలు ఏం చేశాయి? ఒక కరపత్రం కూడా వేయలేదు. మేము కూడా వేయలేదు. ఇది తప్పు.

తప్పుల మాట వచ్చింది గాబట్టి ఇంకొకటి చెప్పుకోవాలె. మేము చిన్నప్పుడు బడిలో ఒక సారు మాచేత ఇంటికి నీళ్ళు మోయించేవాడు. మిగతా పిల్లలు ఎక్కాలు చదువుతుంటే మేము కావడి మోసేవాళ్ళం. పదమూడో ఎక్కం మాకు ఇప్పటికీ తడబడుతుంది, అది నీళ్ళు మోసిన పదిహేను రోజుల్లో చెప్పిన ఎక్కం. మరి మేము సార్లమయినంక? స్టాఫు రూముకు చాయ్ తెమ్మని పిల్లవాడిని పంపలేదా? పంపినం. ఏ పిల్లవాణ్ణి పంపినం? చదువులో వెనకబడ్డోణ్ణి, ఇంటికాడ అడిగే దిక్కు లేనోణ్ణి. ఆ పెద్దాయన మాటలు విన్న తెల్లారి నుంచి మా చాయ్ మేమే తెచ్చుకుంటున్నాం. తోటి సార్లు నవ్వారు. నవ్వనీ.

ఇప్పుడు ఆ తల్లికి ఏం జవాబు చెప్పాం? పిల్లవాణ్ణి ఆపమ్మా అని చెప్పలేదు. మిలిటరీ మనది కూడా. పోవాలె, తుపాకీ పట్టాలె, సుబేదారు కావాలె, చదువుకుని ఆఫీసరు కూడా కావాలె. అందులో రిజర్వేషను లేదు గనుక మన పిల్లలు రెండింతలు ఉరకాలె. అయితే కండ్లు తెరిచి పోవాలె. 2022 నుంచి అగ్నిపథ్ పద్ధతి వచ్చింది. నాలుగేండ్లు ఉంచుకుని నూటికి పాతిక మందిని మాత్రమే పర్మనెంటు చేస్తామంటారు. ఆ ఏడాది జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్లో ఏం జరిగిందో, కాల్పుల్లో ఒక పిల్లవాడు ఎట్లా పోయాడో మనకందరికీ గుర్తుంది. ఆలోచించండి. పర్మనెంటు సిపాయే ఆఫీసరు ముందట నోరు విప్పలేకపోతే, నాలుగో ఏడు నన్ను ఉంచుతారా, పంపుతారా అని ఎదురుచూసే పిల్లవాడు ఏ పని వద్దంటాడు?

ఫారం నింపేటప్పుడే చూసుకోవాలె. జనరల్ డ్యూటీ వేరు, టెక్నికల్ వేరు, క్లర్కు వేరు, ట్రేడ్స్‌మన్ వేరు. ట్రేడ్స్‌మన్‌లో వంట, చాకలి పని, మంగలి పని, హౌస్‌కీపర్, మెస్‌కీపర్ ఇట్లాంటివి ఉంటాయి. ఎనిమిది పాసైతే చాలంటే హౌస్‌కీపర్, మెస్‌కీపర్ అని అర్థం. సఫాయివాలాకు పెట్టిన కొత్త పేరే హౌస్‌కీపర్. ఏజెంటు 'ఏదో ఒకటి, లోపల పడితే చాలు' అంటాడు. వాని మాట వినకండి. పదో తరగతి అయిదారు మార్కులతో పోయినోళ్ళుంటే ఇక్కడే మళ్ళీ రాయించుదాం, సాయంత్రం పూట మేమే చెప్తాం. ఈ నెల నుంచే మొదలు పెడుతున్నాం, కమ్యూనిటీ హాల్లో కరెంటు బిల్లు కట్టే పూచీ యువజన సంఘానిది.

ఇక డిమాండు. కొందరు మిత్రులు సహాయక్‌లను తీసేసి కాంట్రాక్టు మీద పనిమనుషులను పెట్టాలంటున్నారు. ఇందాక ఫిలిప్పీన్స్ మాట గుర్తుంచుకోమన్నది దీనికే. కాంట్రాక్టు మీద వచ్చేది ఎవరు? కంటోన్మెంటు బస్తీలోని మన చెల్లెలు వస్తుంది, పీఎఫ్ లేదు, సెలవు లేదు, అదే వెనుక తలుపు. జవాను తప్పించుకుంటే చెల్లెలు ఇరుక్కుంటుంది. కాబట్టి మన డిమాండు అట్లా ఉండకూడదు. యుద్ధభూమిలో, సరిహద్దులో ఆఫీసరు పక్కన ఉండే సిపాయి పని ఏందో రాతపూర్వకంగా ఉండాలె, అది అతని సర్వీసు పుస్తకంలో ఎక్కాలె, ప్రమోషన్లో లెక్కకు రావాలె. ఊరున్న స్టేషన్లో ఇంటి గడప దాటి సిపాయిని పిలవకూడదు. ఎవరి ఇంటి పని వాళ్ళు చేసుకోవాలె, మనిషిని పెట్టుకుంటే తమ జీతంలోంచి సరైన కూలి ఇచ్చి పెట్టుకోవాలె. ఎంతమంది సిపాయిలు ఈ పనిలో ఉన్నారో పార్లమెంటులో లెక్క చెప్పాలె. మన ఎంపీకి ఇచ్చే వినతిపత్రం రాసి తెచ్చాం, అదిగో బల్ల మీద ఉంది. సంతకాలు పెట్టండి, వేలిముద్ర అయినా సరే.

ఇప్పటిదాకా పెద్దాయన మాటలు మేమే చెప్పినం. రమ్మని అడిగితే ఆయన మొదట రానన్నాడు. పొద్దున ఆయన ఇంటిదే చెప్పిందట, "పోయి నువ్వే చెప్పు, నలభై ఏండ్లు కడుపుల పెట్టుకున్నది చాలు" అని. వచ్చిండు. మెడల్స్ పెట్టుకునే వచ్చిండు. ఆ వేపచెట్టు కింద కూచున్నడు చూడండి. మైకు ఆయనకు ఇస్తున్నాం. మెల్లగ మాట్లాడతడు, ఎనకున్నోళ్ళు కొంచెం ముందుకు జరగండి.

జై భీం!